ఎవరి ముక్కూ తాకని అద్దాలు

సూర్యుడికి ఎదురుగా నిలబడి "నువ్వే జర పక్కకు జరుగు" అన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కతే పుట్టింది. ఆమె మా నాయన తల్లి, మా బాపమ్మ సక్కుబాయి. ఆమె మాటకు జడిసి సూర్యుడు ఆ పొద్దు సిరిసిల్ల మీద నుంచి బెత్తెడు దూరం జరిగి నడిచాడని, అందుకే మా వాడకు ఇప్పటికీ పొద్దు కాస్త ఆలస్యంగా వస్తుందని నేను బడిలో చెప్పాను. పంతులు నన్ను బెంచీ ఎక్కించాడు. ఆరో తరగతి తర్వాత నేను బడి మొహం చూడకపోవడానికి ఆ బెంచీ ఒక కారణం. రెండో కారణం లెక్కలు.

అసలు జరిగింది చెబుతాను. అది కూడా తక్కువదేమీ కాదు.

కొందరికి భక్తి ఎక్కువ ఉంటుంది, కొందరికి ఆకలి ఎక్కువ ఉంటుంది. మా బాపమ్మకు రోత ఎక్కువ. పక్కింట్లో ఎవరైనా గట్టిగా తుమ్మితే మా ఇంట్లో కుండలో నీళ్ళు మారేవి. అన్నం మీద ఒక్క ఈగ వాలిందంటే గిన్నెడు అన్నమూ బర్రె కుడితిలోకి పోయేది. పెళ్ళికి పోతే ఆమె చెంబు ఆమె చంకలోనే ఉండేది. ఎవరైనా ప్రేమగా నోట్లో లడ్డూ పెట్టబోతే, "గా చెయ్యి ఇందాక యాడ వెట్టినవ్?" అని అడిగేది. ఆ ఒక్క మాటతో పెట్టబోయిన మనిషికి కూడా లడ్డూ మీద మనసు విరిగిపోయేది.

విచిత్రమేమిటంటే, నేత ఇంట్లో ఉండే ఏ కంపూ ఆమెకు కంపు కాదు. పడుగు దారానికి పెట్టే గంజిని మేము ముందుగానే కాచి పులియబెట్టేవాళ్ళం. కొత్త కోడళ్ళు ఆ వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పెరట్లోకి ఉరికేవాళ్ళు. మా బాపమ్మ కుండ మీదికి వంగి, అత్తరు సీసా మూత తీసినట్టు గుండెల నిండా పీల్చి, "మంచిగ పులిసింది" అనేది.

పడుగు అంటే చీరకు నిలువుగా వచ్చే దారం. మగ్గం మీదికి ఎక్కించే ముందు ఆ దారాన్నంతా వీధి పొడుగునా సాగదీసి, రెండు చివరలా కర్రలకు బిగించి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఎండలో ఆరబెట్టాలి. ఊళ్ళో కరెంటు మగ్గాలు అప్పుడప్పుడే టకటకమంటున్నా మా రెండిళ్ళలో ఇంకా చేతి మగ్గాలే. రెండిళ్ళంటే మా ఇల్లు, మా తాత తమ్ముడు లక్ష్మీరాజం తాత ఇల్లు. రెండిళ్ళ పడుగూ ఒక్కసారే పరిచేవాళ్ళం. మొదటి పిడికెడు గంజి ఇంటి పెద్దామె చేత్తో పడాలి. తర్వాత ఆమె పడుగు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, గంజిలో చేతులు ముంచి తడుముకుంటూ, తెగిన పోగులు దొరకబట్టి ముడి వేయాలి. కుంచెలు పట్టిన మగవాళ్ళు ఎంత తొందర ఉన్నా ఆమె వెనకే రావాలి, ముందుకు పోకూడదు. మా బాపమ్మకు బతుకులో ఉన్న అధికారమంతా అదే. మా తాత పోయాక కూడా ఆ అధికారం పోలేదు.

కానీ దానికో కట్టుబాటు ఉంది. వరుసగా మూడు పడుగులకు పెద్దామె చెయ్యి పడకపోతే, ఆ చెయ్యి తర్వాతి ఆమెకు మారుతుంది. మారిన చెయ్యి మళ్ళీ వెనక్కి రాదు. తర్వాతి ఆమె ఎవరో కాదు, లక్ష్మీరాజం తాత భార్య కమలవ్వ. మా బాపమ్మకు యారాలు, అంటే తోడికోడలు.

ఆ ఏడు ఎండలు మొదలుకాగానే బాపమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. రెప్పల లోపల ఇసుక పోసినట్టు గరుకు. దవాఖానలో డాక్టరు రెప్పలు తిరగేసి, గీకి, మందు పెట్టాడు. ఆ డాక్టరు గోళ్ళు ఎట్లా ఉన్నాయో బాపమ్మ వారం రోజులు చెప్పింది. నొప్పి తగ్గింది గానీ ఎండ కంట పడితే చాలు, కళ్ళ నుంచి ధార. మొదటి పడుగుకు ఆమె అరుగు మీదే కూర్చుంది. రెండో పడుగుకు లేచి వచ్చింది కానీ గంజి కుండదాకా చేరకముందే చూపు ఆనలేదు.

"అక్కా, నువ్వు పోయి సల్లగ కూసో," అన్నది కమలవ్వ, కుండ అందుకుంటూ. "నీ కంటినీళ్ళు కొత్త పడుగు మీద పడితె గా శీరె కట్టుకున్నామె బతుకంత ఏడ్సుడే అయితది."

"నీ చెయ్యి కడుక్కున్నవా?" అన్నది బాపమ్మ.

"కడుక్కున్న."

"దేంతోటి?"

కమలవ్వ నవ్వి కుండ ఎత్తుకుపోయింది. బాపమ్మ లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు ఆమె ఎవరినీ తిట్టలేదు. అది చూసి మా బాపుకు భయం పట్టుకుంది.

మళ్ళీ దవాఖానకు పోతే డాక్టరు, ఎండలోకి పోవాలంటే చలువద్దాలు తప్పవన్నాడు. పెద్దవి కొనాలని, చిన్నవైతే పక్కల నుంచి వెలుతురు దూరుతుందని చెప్పాడు. ఆ మాట లక్ష్మీరాజం తాతకు చెబితే ఆయన మీసం దువ్వుకున్నాడు.

"పెట్టుకో వదినె, నేనెందుకు వద్దంట? కని నల్లయి మాత్రం వద్దు. కొత్త పడుగు మీద నలుపు రావద్దని నీకు నేను జెప్పాల్నా?"

అది నిజమే. పడుగు పరిచిన వీధిలోకి నల్ల గొంగడి కప్పుకున్నవాణ్ణి మా వాళ్ళు రానివ్వరు. ఎండ మాడుతున్నా నల్ల గొడుగు విప్పనివ్వరు. మూడో పడుగు బేస్తవారం పరచాలని అనుకున్నారు. మంగళవారం పొద్దున్నే మా బాపు అంబదాస్, బాపమ్మ, నేను కరీంనగర్ బస్సెక్కాం. నన్నెందుకు తీసుకుపోయారంటే, బాపమ్మ కళ్ళు మూసుకొని నడిచేటప్పుడు దారిలో ఉమ్ములు ఎక్కడున్నాయో చెప్పడానికి.

బస్సులో ఆమె సీటు మీద ఇంటి నుంచి తెచ్చిన పాత బట్ట పరిచి కూర్చుంది. ముందు సీటు వెనక ఎవరి తలో ఆనిన నూనె మరక ఉంది. దాన్ని చూడకుండా ఉండాలని కిటికీవైపు తిరిగితే, కిటికీ కింద ఎవరో కక్కిన చారలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కొని "పోరీ, ఊరొచ్చినంక జెప్పు" అని ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చుకుంటూ కూర్చుంది.

గడియారం స్తంభం దగ్గర రామచంద్రం అనే ఆయనకు చష్మాల దుకాణం ఉండేది. ఆయన లేచి స్టూలు చూపించి "కూసోండ్రి అవ్వా" అన్నాడు. స్టూలు మీద సున్నం తుడిచిన మరక ఉంది. బాపమ్మ నిలబడే మాట్లాడింది.

"సలువద్దాలు గావాలె. పెద్దయి. నల్లయి వద్దు."

"సలువద్దాలంటెనే నల్లగుంటయి గద అవ్వా."

"మరి గంత పెద్ద బీరువ ఎందుకు వెట్టినవ్? ఒక్కటి పెట్టుకొని కూసోక."

రామచంద్రం నవ్వాలా వద్దా అని మా బాపు ముఖం చూశాడు. మా బాపు పైకప్పు చూశాడు.

మొదట గుండ్రంగా చిన్నవి తీశాడు. "గివి కండ్లకా, అంగి గుండీలకా?" అన్నది బాపమ్మ. తర్వాత పెద్దవి తీశాడు. నిజంగానే పెద్దవి, అద్దం పచ్చగా ఉంది. దుమ్ము ఉందని వాటి మీద నోరు తెరిచి "హా" అని ఊది, అంగి కొసతో తుడిచి అందించాడు. బాపమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"పొద్దున దిన్న ఉల్లిగడ్డంత దాని మీదనే ఊదితివి గదనయ్యా!"

"తుడిసిన గదవ్వా."

"గా అంగి ఎన్నడు ఉతికినవ్?"

అప్పటికే ఆమె చూపు ముక్కు మీద ఆనే చోట పడింది. అక్కడ పచ్చగా ఏదో అట్ట కట్టి ఉంది. వేలు దగ్గరికి తీసుకుపోయి, తాకకుండా చూపించింది.

"గిదేంది?"

"ఏం లేదవ్వా. జర చెమట. ఒకరిద్దరు పెట్టుకొని సూశి పోతరు గద."

"ఎవలు? ఎవలెవలు?"

కళ్ళద్దాల దుకాణంలో ఇట్లాంటి ప్రశ్న అంతకుముందు ఎవరూ వేసి ఉండరు. రామచంద్రానికి చెమట పట్టింది. అది చూసి బాపమ్మకు ఇంకా రోత పుట్టింది. పక్క హోటల్ నుంచి వేడినీళ్ళు తెప్పించింది. బొడ్లో సంచి విప్పి కుంకుడు పొడి ఇచ్చి, దుకాణంలో ఉన్న పెద్ద అద్దాలన్నీ కడిగించింది. పెళ్ళాం కూడా నాతో ఇన్ని గిన్నెలు కడిగించలేదన్నట్టు రామచంద్రం ముఖం పెట్టాడు. పెళ్ళికాని మనిషి అట, తర్వాత తెలిసింది.

కడిగినా ఆమె ముఖానికి పెట్టుకోలేదు. "ఎన్ని నీళ్ళు వోస్తె పోతదే పరాయోళ్ళ ముక్కు?" అన్నది నాతో. మా బాపును పిలిచింది.

"ఓరి అంబదాసూ, నువ్వు పెట్టుకో."

"నేనా? ఆడోళ్ళయా? అవ్వా, నలుగురు సూస్తరే."

"సూడనియ్. పెట్టుకొని గడప మీద ఎండకు నిలవడు."

మా బాపు మీసాలవాడు, ఆరడుగుల మనిషి. కరీంనగర్ బజారులో, పట్టపగలు, ఆడవాళ్ళ చలువద్దాలు పెట్టుకొని సూర్యుడికి ముఖం ఎత్తి నిలబడ్డాడు. బాపమ్మ ఒక చేత్తో కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకొని, పక్క నుంచి ఆయన కంటి మూలలోకి తొంగి చూసింది. అద్దం అంచు దాటి కంటి మీద ఎండ పడుతున్నదా లేదా అన్నది ఆమె పరీక్ష. ఒక జత తీయడం, ఇంకో జత పెట్టడం. సోడాబండి మనిషి సోడా కొట్టడం ఆపి చూశాడు. ఇద్దరు కాలేజీ పిల్లలు ఈల వేశారు. నేనూ వేశాను. బాపు నా వైపు చూశాడు కానీ ఆ అద్దాల్లో కోపం కనిపించలేదు.

వెలుతురు ఆగిన జతల్ని పక్కకు పెట్టించి రెండో పరీక్ష మొదలుపెట్టింది. సంచిలోంచి పోగులు తీసింది. ఎరుపు, పసుపు, గోరింటాకు రంగు, తెలుపు. వాటిని ఎడమచేతి వేళ్ళకు చుట్టుకొని, కడిగిన చేత్తో రామచంద్రాన్ని అద్దం జానెడు దూరంలో పట్టుకొమ్మని, అద్దంలోంచి పోగుల్ని చూసింది.

"గీ పచ్చద్దం వద్దు. ఎర్రపోగు బొగ్గులెక్క గొడ్తంది. రేపు ఎర్ర అంచుకు నల్లపోగు ముడేస్తె మా యారాలు ఊరంత టముకు గొడ్తది."

నీలం అద్దంలో పసుపు చచ్చిపోయింది. ఇంకోదాంట్లో తెలుపు పాచి పట్టినట్టు కనిపించేసరికి ఆమె ముఖం తిప్పేసుకుంది. ఇక మిగిలినవన్నీ నలుపు. రామచంద్రం చేతులెత్తేశాడు.

"నాకాడ ఇగ లేవవ్వా. మీరు హైదరాబాద్ పోవాలె."

బాపమ్మ కదల్లేదు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండకేనేమో. "బేస్తారమే పడుగు," అన్నది, అతనికి కాదు, ఎవరికీ కాదు.

రామచంద్రం కాసేపు తల గోక్కుని, ఆ చెయ్యి బాపమ్మ చూడకముందే దింపి, స్టూలెక్కి పై అరలోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. విప్పితే తెల్లటి చట్రం. రెండు కొసలూ పిట్ట రెక్కల్లాగా పైకి లేచి ఉన్నాయి. అద్దాలు చిన్న పళ్ళేలంత ఉన్నాయి, తేనె రంగులో. సినిమా బండి మీద అంటించే బొమ్మల్లో, హీరోను చెడగొట్టే ఆడది పెట్టుకునేలాంటివి.

"ఓ సాబు బిడ్డ కావాలన్నదని తెప్పిచ్చిన. మల్ల వద్దన్నది."

"పెట్టుకొని వద్దన్నదా, పెట్టుకోకుంట వద్దన్నదా?"

"దుకాణానికే రాలేదవ్వా. మనిషితోటి చెప్పంపింది. పొట్లం ఇప్పుడే విప్పుతున్న, దేవుని తోడు."

తేనె అద్దంలో ఎరుపు ఎరుపుగానే ఉంది. పసుపు కొంచెం ముదిరింది కానీ పసుపే. తెలుపు మాత్రం చలవ చెయ్యని కోరా గుడ్డలాగా మారింది. "గదైతె మాకు అలవాటే," అన్నది బాపమ్మ. ఎవరి ముక్కూ తాకనివి కాబట్టి బాపుకు కూడా పెట్టనివ్వలేదు. మొదటిసారి తానే పెట్టుకుంది. గడప మీదికి పోయి ఎండలో నిలబడింది. కళ్ళు తెరిచింది. నీళ్ళు రాలేదు.

రామచంద్రం చేతి అద్దం ఇచ్చాడు. బాపమ్మ తనను తాను చూసుకుంది. ఆమె ముఖం మీద అంత రోత నేను అంతకుముందుగానీ తర్వాతగానీ చూడలేదు.

"థూ," అన్నది. "కట్టియ్."

బేస్తవారం పొద్దెక్కుతుండగా ఆమె అవి పెట్టుకొని వీధిలోకి దిగింది. ముక్కుపుడక, ముడతలు, నెరిసిన జుట్టు, వాటి మధ్య రెక్కల అద్దాలు. పడుగు పట్టుకున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు.

"అక్కా, గదేం యేసమే!" అన్నది కమలవ్వ, నవ్వుతూనే గంజి కుండను రెండు చేతులా గట్టిగా పట్టుకొని. "మొగోళ్ళ నడుమ గట్ల నిలవడనీకి సిగ్గనిపిస్తలేదా?"

"అనిపిస్తంది. కుండ దించు."

కమలవ్వ మొగుడి వైపు చూసింది. లక్ష్మీరాజం తాత దగ్గరికి వచ్చి, ఎద్దు పళ్ళు చూసినట్టు అద్దాల్ని ఇటూ అటూ వంగి చూశాడు. నలుపు ఎక్కడా దొరకలేదు.

"ఇగ ఏమంట?" అన్నాడు పెళ్ళాంతో. "తెల్లగనే ఉన్నయి."

కమలవ్వ కుండ దించింది. దించడంలో అది గట్టిగా నేలకు తగిలి, పులిసిన గంజి ఎగిరి బాపమ్మ ముఖం మీద, అద్దాల మీద చిందింది. కావాలని చేసిందని నేననను. చెయ్యలేదని కూడా అనను. బాపమ్మ పిడికెడు గంజి తీసి పడుగు మీద వేసింది. చేతులు రెండూ కుండలో ముంచి నడక మొదలుపెట్టింది.

పది బారలు పోయిందో లేదో, ఈగలు వచ్చాయి. పులిసిన గంజి అంటే మా వీధి ఈగలకు పెళ్ళిభోజనం. ఒకటి తెల్లటి చట్రం మీద వాలింది. ఇంకోటి అద్దం మీదికి దిగింది. చూస్తుండగానే ముసిరాయి. పెద్ద అద్దాలు కదా, వాటికి తిరగడానికి కావలసినంత చోటు. నేను ఆమె పక్కనే నడుస్తున్నాను. పక్క నుంచి చూస్తే అద్దం వెనక ఆమె కన్ను కనిపిస్తున్నది. ఈగలు కాళ్ళు రుద్దుకుంటూ, మూతి ఆడిస్తూ సరిగ్గా ఆ కంటి ముందే నడుస్తున్నాయి. వాటి కడుపులు ఆమెకు ఎట్లా కనిపిస్తున్నాయో ఊహించుకొని నేనే ఓసారి కళ్ళు మూసుకున్నాను. బాపమ్మ పెదవులు బిగించింది. గొంతులో ఏదో పైకి వచ్చి మళ్ళీ కిందికి పోయింది.

చేతులు గంజిలో ఉన్నాయి. వాటితో తుడిస్తే అద్దం ఇంకా మూసుకుపోతుంది. అద్దాలు తీస్తే ఎండ కొడుతుంది, నీళ్ళు పడుగు మీద పడతాయి. వెనక కమలవ్వ పడుగు అంచు పట్టుకొని అడుగులో అడుగు వేస్తూ వస్తున్నది. ఆమె ఎదురుచూస్తున్నది సరిగ్గా దానికే.

"బాపమ్మా, నేను తుడువాల్నా?" అని నా లంగా కొస ఎత్తాను.

"ఏంతోటి? పొద్దటిసంది ముక్కు తుడుసుకున్న గా లంగతోటా? దూరం జరుగు! నీకన్న ఈగెలు నయం."

ఈగలతోనే నడిచింది. తల విదిలిస్తే లేచేవి, మళ్ళీ వాలేవి. ఒక్కో ముడి దగ్గర వంగి, ఈగల మధ్య సందులోంచి పోగు చూసుకొని, తడిమి, కొసలు కలిపి తిప్పేది. మధ్యలో ఒకచోట ఆగిపోయి వంగి అట్లాగే ఉండిపోయింది. ఆమె భుజాలు కదిలాయి. "అక్కా, నాకియ్యి ఇగ," అంటూ కమలవ్వ ముందుకు వచ్చింది. బాపమ్మ పడుగుకు తగలకుండా పక్కకు తిరిగి, వీధి వారన మురుగు మోరీలోకి కక్కింది. మూతిని భుజానికి తుడుచుకుంది. మళ్ళీ పడుగు మీదికి వంగి, ఎర్రపోగు ముడి వేసింది. అద్దాలు మాత్రం తీయలేదు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ చివర కర్ర దగ్గర చివరి ముడి వేసి, "ఇగ దువ్వుండ్రి," అన్నది. లక్ష్మీరాజం తాత కుంచె ఎత్తాడు. కమలవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కడుక్కో అక్కా. చెంబు తోమే తెచ్చిన," అన్నది. బాపమ్మ చెంబు లోపలికి తొంగి చూసి, అప్పుడు చేతులు చాపింది.

ఆ తర్వాత మా రెండిళ్ళకు పరిచిన పడుగులన్నిటికీ ఆమె చెయ్యే పడింది. అద్దాల్ని పాత పౌడరు డబ్బాలో, తెల్ల గుడ్డలో చుట్టి దాచేది. ఒక్కసారి పెట్టుకొని చూస్తామని వాడలో ఆడపిల్లలు ఎంత బతిమాలినా ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు.

ఆ బేస్తవారం సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చొని, అద్దాల్ని వేడినీళ్ళలో వేసి కుంకుడు నురుగుతో రుద్దుతున్నది. ఎన్నిసార్లు రుద్దినా ఆమెకు తృప్తి లేదు. నేను పక్కన చేరాను. పులిసిన గంజి కుండలాంటి మనిషి ఆ పొద్దు నా కంటికి దేవతలాగా కనిపించింది. నలుగురికీ చెప్పుకోవడానికి ఆమె నోటితోనే ఒక మంచి మాట అనిపించాలనుకున్నాను.

"బాపమ్మా, గన్ని ఈగెలు నీ కండ్ల ముందట తిరుగుతుంటె ఓర్సుకున్నవ్. నీకు రోతనేది లేకుంట పోయింది గదనే?"

బాపమ్మ చెయ్యి ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"రోత పోయిందని ఎవలన్నరే నీకు? ఈగెలు రోతనే, గీ అద్దాలు రోతనే, ముక్కు కారవెట్టుకొని ఒళ్ళెకు వస్తున్న నువ్వు అంతకన్న రోత. రోతయితందని పడుగు ఇడిసిపెడ్తరా ఎవలన్న? లే, పోయి మొకం కడుక్కో."